మూడు తాళాల సంచి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. పెళ్ళయి ఏడాదిన్నర, చేతిలో ఫోను, ఆ ఫోను నిండా కాన్పు గురించిన వీడియోలు. ఇక పెద్దవాళ్ళతో పనేముంది? ఇప్పుడు మా అమ్మాయి స్కూలు సంచి సర్దుకుంటూ "నీకేం తెలీదులే అమ్మా" అంటుంటే కోపం రావలసింది పోయి నవ్వొస్తుంది. అదే మాట, అదే గొంతుతో మా అమ్మతో నేనూ అన్నాను మరి. అదీ నిండు పొట్ట వేసుకుని, బచేలి గనుల టౌన్‌షిప్‌లో మా రెండు గదుల క్వార్టర్ మధ్యలో నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని అన్నాను. (అప్పుడు నడుం ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చేదనుకోండి, అది వేరే సంగతి.)

మాది విజయనగరం వైపు, మా ఆయనది భద్రాచలం వైపు. ఆయన కొండ మీద ఇనప ఖనిజం గనిలో, బెల్టులు బాగుచేసే విభాగంలో ఉద్యోగం. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్నది మావాళ్ళ రాజ్యాంగం. దాని మీద నేను తిరగబడ్డాను. కారణం ఒక్కటే. మా నాన్నది రైల్వే ఉద్యోగం. నేను పుట్టినప్పుడు ఆయన బచేలి మీదుగా పోయే ఇదే కిరండోల్ రైలు లైనులో, అరకు దాటాక ఎక్కడో చిన్న స్టేషన్లో ఉన్నాడట. వానలకు కొండచరియలు పడి, సెలవు దొరక్క, ఆయన నన్ను మొదటిసారి చూసేసరికి నేను బోర్లా పడి ఆడుకుంటున్నాను. ఎత్తుకోబోతే ఎవరో కొత్తమనిషి అనుకుని గుక్కపట్టి ఏడ్చానట. ఇంట్లో అందరం ఈ ముచ్చట చెప్పుకుని నవ్వేవాళ్ళం గానీ, ఆ మాట వచ్చినప్పుడల్లా నాన్న మాత్రం మెల్లగా లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. అందుకే నా బిడ్డను పుట్టిన రోజునే వాళ్ళ నాన్న చూడాలని నేను పంతం పట్టాను. ఆయన్ని విడిచి పుట్టింటికి పోయేది లేదన్నాను.

తొమ్మిదో నెల పెట్టగానే నన్ను తీసుకుపోవడానికి అమ్మ పాసింజరు దిగింది. నా పంతం విని కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఒక షరతు పెట్టింది. "సరే, ఆసుపత్రికి అట్టుకెల్లాల్సిన సంచి సర్ది సూపించు. అందులో ఒక్కటి తక్కువైందంటే రేపు బండికి నాతోటి ఎల్లిపోవాల." నేను పకపకా నవ్వాను. సంచి ఒక లెక్కా! గీదం బజారులో కొన్న కొత్త రెగ్జిన్ సంచి తీసి, వీడియోలో చెప్పినట్టు నా సామాను సర్దాను. నా నైటీలు, బిడ్డకు జగదల్‌పూర్ నుంచి తెప్పించిన లేసుల గౌను, దానికి జతగా మేజోళ్ళు, ఫొటోల కోసం నాకో లిప్‌స్టిక్. అమ్మ చూసి గుండెలు బాదుకుంది. "ఓలమ్మో! పురుడు అవ్వకుండా పసిగుడ్డుకి కొత్త బట్టలేటే? మొదట పాత సీరే సుట్టాల!" అంటూ తను కట్టి కట్టి మెత్తబడిన చీర ముక్కలు, శొంఠి, వాము, కాయం, ఆముదం సీసా, సాంబ్రాణి అన్నీ కుక్కింది. చివరికి దిష్టి తగలకుండా దిండు కింద పెట్టడానికి ఒక ఇనప చాకు కూడా పెట్టింది.

ఇక మా ఆయన. ఆయన దృష్టిలో కాన్పంటే బెల్టు ఆపి చేసే పెద్ద మరమ్మతు. టార్చిలైటు, నైలాను తాడు, ఇన్సులేషన్ టేపు, రెయిన్‌కోటు తెచ్చి పైన పెట్టాడు. తాడెందుకని అడిగితే "ఎందుకైనా మంచిది" అన్నాడు. ఎందుకైనా అంటే ఎందుకో ఈ రోజుకీ నాకు అంతుబట్టలేదు. చాకు మాత్రం తీసి పక్కన పెట్టి, "ఏంది అత్తమ్మా, ఆసుపత్రికి కత్తి తీస్కపోతే గేటు కాడ మనల్నే పట్టుకుంటరు" అన్నాడు. అమ్మ గొణుక్కుంటూ దాన్ని తన చేతిసంచిలో వేసుకుంది.

అక్కడినుంచి యుద్ధం మొదలైంది. పొద్దున నేను సర్దిన గౌను మధ్యాహ్నానికి బియ్యం డబ్బాలో తేలేది. నేను తీసి పారేసిన ఆముదం సీసా సాయంత్రానికి నా నైటీ మడతల్లోకి వచ్చి చేరేది. ఇద్దరం కలిసి తాడు తీసేస్తే, ఆయన డ్యూటీ నుంచి రాగానే ఇంకా పొడుగు తాడు పెట్టేవాడు. ఎవరిని అడిగినా "నాకేం తెలుసు?" అనడమే. మూడోసారి గౌను బియ్యంలో దొరికిన రోజు నేను ఏడుపు లంకించుకునేసరికి ఆయన పంచాయితీ పెట్టాడు. ఎవరి సామాను వాళ్ళది ఉంటుంది, ఎవరూ ఎవరిదీ తీయకూడదు అని తీర్పు చెప్పి, తన డ్యూటీ సామానులోంచి ఎర్ర తాళం ఒకటి తెచ్చి సంచి జిప్పుకు వేశాడు. దానికి తన ఫొటో ఉన్న చీటీ ఒకటి వేలాడుతోంది. గనిలో బెల్టు మీద పనిచేసేటప్పుడు ఎవరూ దాన్ని నడిపించకుండా, పనివాడు స్విచ్చికి తన సొంత తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుంటాడు. అది తీసే హక్కు అతనికి తప్ప దేవుడికి కూడా లేదు. మరి అమ్మ ఊరుకుంటుందా? "అల్లుడుగోరు ఒక్కరే తాలవేసుకుంటే మరి నా సామానో?" అని తన ట్రంకుపెట్టె తాళం తెచ్చి తగిలించింది. వీళ్ళిద్దరికీ నేనేం తీసిపోయానని నా సూట్‌కేసు బుల్లి తాళం నేనూ వేశాను. ఆసుపత్రి సంచి కాస్తా ఖజానా పెట్టె అయి కూచుంది. ఏదీ తక్కువ కాలేదు గనక నేనే గెలిచినట్టు లెక్క, అమ్మ టిక్కెట్టు మాట ఎత్తలేదు.

నొప్పులు ఎప్పుడు మొదలవ్వాలి? ఆయన ఇంట్లో ఉన్న ఆదివారం మొదలవ్వచ్చుగా! ఆయన మొదటి షిఫ్టు బస్సెక్కి కొండ మీదికి వెళ్ళిపోయాక, బయట జోరున వాన కురుస్తుంటే మొదలయ్యాయి. అమ్మా నేనూ ఆటోలో గనివాళ్ళ టౌన్‌షిప్ ఆసుపత్రికి చేరాం. సంచి అమ్మ ఒళ్ళో ఉంది. కొండ మీద సెల్‌ఫోను పలకదు, గని కంట్రోల్ రూముకు నర్సమ్మే ఫోను చేసింది. షిఫ్టు ఇన్‌చార్జి ఓ పెద్దాయన, నలుగురు పిల్లల తండ్రి. ఆ అనుభవంతో "పహలా బచ్చా హై, టైం లగేగా" అన్నాడట. తొలి కాన్పు కదా, ఆలస్యమవుతుంది, బదులు మనిషి రాగానే పంపిస్తానని. ఆ బదులు మనిషి వానలో ఎక్కడో చిక్కుకున్నాడు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. నొప్పికి కాదు. పెరట్లోకి వెళ్ళిపోయే మా నాన్న వీపు కళ్ళముందు కదలాడింది. పుట్టింటికి పోనని అంత రాద్ధాంతం చేసి, చివరికి నా బిడ్డకూ అదే రాత రాశానే అనిపించింది.

ఇంతలో నర్సమ్మ వచ్చి "బిడ్డకి గుడ్డలు తియ్యండమ్మా" అంది. అమ్మ సంచి చూపించింది. నర్సమ్మ మూడు తాళాలు చూసి, మమ్మల్ని చూసి, మళ్ళీ తాళాలు చూసింది. వరండాలో ఫ్యాను బాగుచేస్తున్న ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ను కటింగ్ ప్లేయరుతో రమ్మంది. అతను ఉత్సాహంగా వచ్చాడు గానీ, ఎర్ర తాళం, ఫొటో చీటీ చూడగానే పామును చూసినట్టు వెనక్కి గెంతాడు. "అరే మాతాజీ, యే తో పర్సనల్ లాక్ హై! జిస్‌కా తాలా, వహీ ఖోలేగా!" ఎవరి తాళం వాళ్ళే తియ్యాలట. తను కోస్తే పాపం చుట్టుకుంటుందట. నర్సమ్మ విసుక్కుని "తాళమొద్దు, సంచే కత్తెరతో కోసేద్దాం" అంది. అమ్మ సంచిని గుండెకు హత్తుకుంది. "కొత్త సంచి! మా అల్లుడుగోరు సెమటోడ్సి కొన్నారు. కోత్తారా?"

ఆ పైన అమ్మ చేసిన పని నేను తెర వెనక మంచం మీద నుంచి చెవులారా విన్నాను. తిన్నగా వెళ్ళి బల్ల మీద ఫోను అందుకుని, నర్సమ్మ చేత మళ్ళీ కంట్రోల్ రూముకే కలిపించింది. అమ్మకు వచ్చిన హిందీ మొత్తం బచేలి కూరగాయల సంతలో నేర్చుకున్నదే. "హలో సాబ్! మేరా దామాద్ కా తాలా! పర్సనల్ తాలా! చాబీ ఉస్కే పాస్! దూస్‌రా ఆద్మీ నై ఖోలేగా! ఆప్ కా రూల్!" తాళం అల్లుడిది, చెవి ఆయన దగ్గరే, ఇంకొకరు తియ్యకూడదన్నది మీ రూలే అని. ఏ మనిషైతే రోజూ పొద్దున షిఫ్టు వాళ్ళందరినీ నిలబెట్టి ఎవరి తాళం వాళ్ళే తియ్యాలని పాఠం చెబుతాడో, ఆ మనిషికే ఆ పాఠం అప్పజెప్పింది మా అమ్మ. ఆడవాళ్ళ నొప్పులకు టైముంటుందని వాదించినవాడు తాళానికి తలవంచాడు. "అచ్ఛా మాతాజీ, భేజ్‌తా హూఁ" అన్నాడట, పంపిస్తానని. బదులు మనిషి వచ్చేదాకా తనే దగ్గరుండి పని చూసుకుంటానని, మా ఆయన్ని తన జీపులోనే కిందికి పంపించాడు.

మా ఆయన వచ్చాడు! నెత్తిన హెల్మెట్, ఒంటినిండా ఎర్రమట్టి, చేతిలో తాళంచెవి పైకెత్తి పట్టుకుని వరండా అంతా ఎర్రటి అడుగులు వేసుకుంటూ వచ్చాడు. (ఆ వరండా తుడిచినావిడ మమ్మల్ని చాన్నాళ్ళు క్షమించలేదు.) మూడు తాళంచెవులూ తిరిగాయి, సంచి తెరుచుకుంది. తర్వాత కాసేపటికే మా అమ్మాయి కొండ మీద బెల్టు సైరన్‌కు పోటీగా కేక పెట్టింది. అమ్మ పాత చీర ముక్కలో చుట్టి ముందు తండ్రి చేతికే ఇచ్చారు. చేతులు కడుక్కున్నా పోని ఎరుపు ఆ చీర అంచున ఐదు వేళ్ళ ముద్రగా పడింది. నాకు ప్రపంచం గెలిచినట్టుంది. నేను గెలిచాను, అమ్మ పాత చీర గెలిచింది, ఆయన తాళం గెలిచింది. తాడు కూడా గెలిచింది, ఉయ్యాల కట్టడానికి అదే పనికొచ్చింది. గౌను ఒక్కటే ఓడిపోయింది, పురుడు నాటికే అది బిగుతైపోయింది.

మొన్న వేసవిలో అమ్మ వచ్చి, మా వంటింట్లో కూర్చుని మామిడికాయలు తరుగుతోంది. చేతిలో చాకు ఎక్కడో చూసినట్టుంది. చూస్తే ఆనాటి ఇనప చాకే. అన్నీ తెలిసిన నాకు, ఇన్నేళ్ళ తర్వాత, అప్పుడు తట్టింది.

"అమ్మా, ఆరోజు ఈ చాకు నీ చేతిసంచిలోనే ఉంది కదే? ఒక్క గీత గీస్తే సంచి తెరుచుకునేది."

అమ్మ తల ఎత్తలేదు. "ఎందుకు నేదూ, ఉంది. సంచి కోసీత్తే అల్లుడుగోరొచ్చీవోరా?" ఇంకో కాయ అందుకుంది. "మీ నాన్న అప్పుడు దేనికీ తాలవెయ్యనేదే అమ్మడూ. ఏసుంటే నానప్పుడే పిలిపించీదాన్ని."

అవతల గదిలో మా అమ్మాయి తన సంచికి బుల్లి తాళం వేసుకుంటూ, నాకేమీ తెలియదని వాళ్ళ నాన్నతో చెబుతోంది. నిజమే చెబుతోందనుకుని, అమ్మ పక్కన కూర్చుని ఒక మామిడి ముక్క నోట్లో వేసుకున్నాను.