గర్జన తర్వాత చిన్న దగ్గు

మా పై అంతస్తు బాబాయిగారు పోయారు. శనివారం పొద్దున ఇడ్లీపిండి పళ్ళేల్లో వేస్తుంటే పిన్నిగారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ బాబాయిగారు లేవట్లేదు. ఒకసారి పైకి రా," అన్నారు. పిండి చేతులతోనే మెట్లెక్కాను. ఆయన పక్కకి తిరిగి పడుకుని మామూలుగానే ఉన్నారు. అంబులెన్స్ వాళ్ళు వచ్చారు, చూశారు, చెప్పాల్సింది మెల్లగా చెప్పి వెళ్ళారు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు మావాళ్ళు. రాస్తున్నాను గానీ, తల ఎత్తుకుని రాయడం లేదు. ఆ మనిషి జన్మలో నన్నొకే ఒక్కటి అడిగారు. అది చెయ్యడానికి నాకు సిగ్గు అడ్డం వచ్చింది.

అమెరికాలో మా ఊరు ప్లెయిన్స్‌బరోలో పెద్దవాళ్ళందరికీ ఆయన మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మర్యాదస్తుడు. పిల్లలకి మాత్రం రాకాసి. చదువుకునే రోజుల్లో మద్రాసులో చేతిఖర్చుల కోసం డబ్బింగులో చిన్నాచితకా గొంతులు ఇచ్చేవారట. అప్పట్లో జపాన్ నుంచి, కొండంత మృగాలు ఊళ్ళు తొక్కేసే సినిమాల వరస ఒకటి తెలుగులోకి వచ్చింది. అందులో ఒక దుష్టమృగం. ఒంటికన్ను, నుదుట కొమ్ము, వీపు నిండా రంపపు పళ్ళు. ప్రతి సినిమా చివర్లోనూ మంచి మృగం చేతిలో చచ్చి సముద్రంలో పడేది. తర్వాతి సినిమాలో శుభ్రంగా లేచి వచ్చేది.

వచ్చిన ప్రింటులో దాని అరుపు పాడైపోయిందట. "ఇక్కడ గట్టిగా అరిచేవాడెవడ్రా?" అని అడిగితే అందరూ ఈయన్ని ముందుకి తోశారు. అరిచారు. అరిచి అరిచి చివర ఊపిరందక ఖళ్ళున దగ్గారు. ఇంకోసారి తీసే ఓపిక ఎవరికీ లేక దగ్గుతో సహా ఉంచేశారు. ఇక ఆ మృగం ఎన్ని సినిమాల్లో అరిచినా దగ్గాల్సిందే. "లోకంలో ఎన్ని రాకాసులైనా ఉండనీ, అరిచాక దగ్గేవాడు మన తెలుగువాడొక్కడే," అనేవారు గర్వంగా.

దాన్ని ఆయన 'మనవాడు' అనేవారు. "తాతగారూ, వాడు బ్యాడ్ గై కదా?" అని మా పిల్ల అడిగితే ఎంత నొచ్చుకున్నారో! "చెడ్డవాడు కాదే పిచ్చిదానా. వాడు నడిచే దారిలో వీళ్ళు ఊరు కట్టుకున్నారు. వాడేం చేస్తాడు పాపం?"

మా అపార్ట్‌మెంట్లలో ఏ పుట్టినరోజైనా కేక్ కోశాక పిల్లలు ఆయన చుట్టూ మూగేవాళ్ళు. చొక్కా జేబులోంచి పటికబెల్లం ముక్క తీసి బుగ్గన పెట్టుకునేవారు. అది కరిగేదాకా ఎవడెంత గోల చేసినా పలికేవారు కాదు. ఆ తర్వాత కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడేవారు. కడుపులో ఎక్కడో సన్నగా గుర్రుమని మొదలయ్యేది, పైకి లేచేది, నడినెత్తిన ఒకచోట చిట్లేది. చివర్లో చిన్న దగ్గు. ఆ దగ్గు కోసమే కాచుకున్న పిల్లలు వంతపాటగా దగ్గి దొర్లేవాళ్ళు.

పిన్నిగారు సరిగ్గా అప్పుడే వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. "సిగ్గూ ఎగ్గూ లేకపోతే సరి! డెబ్బై ఏళ్ళ ముసలాడికి ఇవేం పనులు? కిందవాళ్ళు కంప్లైంట్ చేస్తారు," అని లోపల్నుంచి వినబడేది. ఆ కిందవాళ్ళం మేమే, ఆ హాల్లోనే కూర్చుని కేక్ తింటూ ఉండేవాళ్ళం.

నా సంగతి చెప్పాలి. నాకు పుట్టుసిగ్గు. ఆఫీస్ మీటింగ్‌లో నా మాట పక్క కుర్చీ దాటేది కాదు. నేను చెప్పిన మాటనే పక్కవాడు గట్టిగా చెప్పి మెప్పు కొట్టేసేవాడు, నేను ఇంటికొచ్చి ఆ కోపం గిన్నెల మీద చూపించేదాన్ని. ఆ చప్పుడు పైకి వినబడి కాబోలు, పెద్ద ప్రెజెంటేషన్ ఉన్న రోజు పొద్దున్నే బాబాయిగారు వచ్చి నా కార్‌లో పక్కసీట్లో కూర్చున్నారు.

"అద్దాలు ఎక్కించమ్మా. మనవాడిలా గట్టిగా అరువు."

"అయ్యో బాబాయిగారూ, పార్కింగ్ లాట్‌లోనా? ఎవరైనా చూస్తే?"

"చూడనీ. సిగ్గుపడితే సగం గొంతే బయటికొస్తుంది. మిగతా సగం లోపల కూర్చుని మనల్నే తింటుంది."

అరిచాను. కుక్కని తిప్పుతున్న పక్క బిల్డింగ్ ఆవిడ ఆగి మరీ చూసింది. బాబాయిగారు ఆవిడకి చెయ్యి ఊపి, నాకు పటికబెల్లం ఇచ్చారు. ఆ రోజు మీటింగ్‌లో నా మాట నేనే చెప్పుకున్నాను. కానీ అద్దాలు ఎక్కించిన కార్‌లో అరవడం వేరు, నలుగురిలో అరవడం వేరు. ఆ తేడా ఆయన వేళ్ళతో చూపించి మరీ చెప్పేవారు, నేను నవ్వి ఊరుకునేదాన్ని.

పోయినేడు గుండెకి స్టెంట్ వేయించుకుని వచ్చాక, చెరువు పక్క బెంచీ మీద కూర్చోబెట్టి అడిగారు. మనలో శవాన్ని తీసుకెళ్తూ దారిలో ఒకచోట దించుతారు కదా, దింపుడు కళ్ళం. అయినవాళ్ళు చెవి దగ్గర నోరుపెట్టి మూడుసార్లు పిలుస్తారు, కొసప్రాణం ఉంటే లేస్తారేమోనని.

"అక్కడ నన్ను పేరు పెట్టి పిలవకండమ్మా, లేవను. మనవాడి గొంతుతో పిలు. వాడు ఎన్నిసార్లు చచ్చినా లేచాడు."

"ఏం మాటలండీ అవి!" అన్నాను.

"నవ్వులాటకి కాదు. మా అబ్బాయికి నా వల్ల చిన్నప్పట్నుంచీ తలవంపులే. మీ పిన్నికా, సిగ్గు. నువ్వైతే నేర్చుకున్నావు."

"అలాగే బాబాయిగారూ," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఆ ముక్క!

హెర్న్‌డన్ నుంచి వాళ్ళబ్బాయి వచ్చాడు. ఇక్కడ పుట్టి పెరిగినవాడు. మంచివాడే, పనులన్నీ తనే చూసుకున్నాడు. ఫ్యూనరల్ హోమ్ గుమ్మంలో నన్ను పక్కకి పిలిచాడు. "అక్కా, ప్లీజ్. ఆ మాన్‌స్టర్ టాపిక్ తేవద్దు, ఓకే? మా ఆఫీస్ వాళ్ళు వచ్చారు. డాడ్‌ని వాళ్ళు ఫస్ట్ టైమ్ చూస్తున్నారు." వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సరేనన్నాను. ఆ సరేతో నాకెంత ఊరట కలిగిందో తలుచుకుంటే ఇప్పుడు కూడా మొహం వేడెక్కుతోంది. అబ్బాయి వద్దన్నాడు, నాదేం లేదు అనుకున్నాను.

హాల్లో కర్మ అయ్యాక దహనం గదికి తీసుకెళ్తూ, పంతులుగారు నడవా మధ్యలో చక్రాల బండిని ఆపించారు. ఫ్యూనరల్ హోమ్ మనిషి, నల్లసూటాయన, కాలితో బ్రేక్ వేశాడు. అబ్బాయి వంగి, "నాన్నా... నాన్నా... నాన్నా," అని పిలిచాడు. మామూలుగా 'డాడ్' అనేవాడు.

"ఇంకెవరైనా పిలుస్తారా అమ్మా?" అన్నారు పంతులుగారు.

పిన్నిగారు నా వైపు చూశారు. నా ఒక్కదాని వైపే చూశారు. అబ్బాయీ చూశాడు. వాళ్ళ ఆఫీస్ వాళ్ళు గోడవారగా చేతులు కట్టుకుని, తెలియనిచోట తప్పు చెయ్యకూడదన్నట్టు బిగుసుకుని నిలబడ్డారు. వెళ్ళాను. ఆయన చెవి దగ్గరికి వంగాను. ఊపిరి నిండా పీల్చాను. కడుపులోంచి మొదలుపెట్టబోయాను కూడా.

ఖళ్ళున దగ్గొచ్చింది. అంతే. ఇంకేమీ రాలేదు.

చచ్చేంత సిగ్గేసింది. అరవబోయినందుకా, అరవలేనందుకా అంటే రెండిటికీ. అలా వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. భుజం మీద పిన్నిగారి చెయ్యి పడింది.

"అది ఆఖర్న వస్తుందే అమ్మాయ్," అన్నారు మెల్లగా. "ముందు అరవాలి."

నన్ను పక్కకి జరిపి, బండి అంచు పట్టుకుని ఆవిడ వంగారు. సన్నగా గుర్రుమని మొదలైంది. పైకి లేచింది. ఎక్కడ చిట్లాలో అక్కడే చిట్లింది. గోడవారగా ఉన్న ఆఫీస్ వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. ఇన్నేళ్ళూ సిగ్గుతో వంటింట్లోకి పారిపోతున్నారనుకున్నాను ఆవిడ. ఒక్క మెట్టు కూడా తప్పకుండా అంతా వచ్చు ఆవిడకి. ఆ సంగతి బాబాయిగారికి తెలియదు. తెలిస్తే నన్ను అడిగేవారే కాదు.

ఆఖర్న చిన్నగా దగ్గారు.

నడవాలో అందరం ఒక్కసారే ఆయన ముఖంలోకి చూశాం. అబ్బాయి కూడా తండ్రి పెదవుల వంకే చూస్తున్నాడు, చిన్నపిల్లాడిలా. పంతులుగారు కానివ్వమని చెయ్యి ఊపారు. నల్లసూటాయన మాత్రం బ్రేక్ తియ్యలేదు. మెడ కాస్త ముందుకి చాచి, ఆయనా చూస్తున్నాడు.