ఆట పాటకు ముగింపు

2022లో జరిగిన మాట ఇది. తమిళనాడులో, వేలూరు పక్క గుడియాత్తంలో మాది బ్యాండ్‌సెట్. పెండ్లి ఊరేగింపుకైనా, సావుకైనా పిలిస్తే పోతాము. నేను క్లారినెట్ ఊదుతాను. ఒక దినం మగ్గాల వీధి నుంచి భువన అనే పిల్ల మా ఇంటికి వచ్చింది. కీబోర్డు వాయిస్తుందంట.

"తాతా, మేము ముగ్గురం బ్యాండు పెట్టుకోనుండాము. వేలూరులో ప్రోగ్రాము ఉండాది. ఆట పాటలు వాయిస్తాము. క్లారినెట్టుకు మీరు రావల్ల."

ఆట పాట అంటే మా పక్క జాతర్లలో స్టేజీ మింద జరిగే రికార్డు డ్యాన్సు. నాకు మండింది.

"మగ్గం నేసే ఇంట్లో పుట్టినావు, నీకేం పొయ్యేకాలమమ్మా? దానికి నేను రాను, పో."

ఆ పిల్ల బిత్తరపోయింది. మళ్లా అర్థమయి పడీపడీ నవ్వింది. "అయ్యో, ఆ ఆట కాదు తాతా! విళయాట్టు! వీడియో గేము!"

తమిళంలో చెప్తే గాని నాకు తెలుగు అర్థం కాలేదు.

గేములో బొమ్మ పరిగెత్తతాంటే వెనక ఒక సంగీతం వస్తాంటుంది. దాన్ని మనుషులు వాద్యాల మింద మళ్లా వాయిస్తే కవర్ అంటారు. ఏ వాద్యం యాడ రావల్ల, యాడ ఊరుకోవల్ల అని పంచేది అరేంజ్‌మెంట్. అది భువన పని. గిటారు దినేశు, డ్రమ్ములు సెల్వం. ఇద్దరూ వేలూరు పిల్లోళ్లే. భువన నా చేతికి నొటేషన్ కాగితం ఇచ్చింది. "నాకు అక్షరాలు వచ్చిందే యాభై దాటినాక. ఈ పురుగుల్ని యాడ చదివేది? నువ్వు వాయించు, నేను పట్టుకుంటా" అన్నాను. అట్లే పట్టుకున్నాను. బాగానే ఉన్నాయి పాటలు. కొన్ని మా ఊరేగింపు బాణీల కంటే నయం.

ఒక్క పాట దగ్గర బండి ఆగిపోయింది. బొమ్మ అడవిలో నడిచి నడిచి మంట పక్కన కూసోని అలుపు తీర్చుకుంటాది. అప్పుడొచ్చే పాట అది. చిన్నది, మెత్తనిది. దానికి ముగింపు లేదు. కడాకు వచ్చినాక మళ్లా మొదటికే పోతాది. దాన్ని లూప్ అంటారు. ఆడేవాడు బొమ్మను లేపేదాకా అది తిరగతానే ఉంటాది. స్టేజీ మింద అట్ల కుదరదు గదా. నేను పెండ్లి బాణీలో ఒక ముక్తాయింపు ఊదినాను. సెల్వం "సూపర్ తాతా" అన్నాడు. భువన వద్దనింది. ఇంకొకటి ఊదినాను. అదీ వద్దంట.

"ఇది వదిలేద్దాము" అన్నాడు సెల్వం.

"ఇది లేకపోతే నేనే రాను" అనింది ఆ పిల్ల.

నాకు ఓపిక అయిపోయింది. "ఏందమ్మా, ఏది ఇచ్చినా మూతి తిప్పతావు! పాట అన్నాక యాడో ఒకచోట సావల్ల గదా!"

దినేశు తల వంచుకున్నాడు. భువన మెల్లిగా చెప్పింది.

"ఆ గేము మా అన్న మునెప్ప ఆడేది తాతా. బొమ్మను మంట కాడ కూసోబెట్టేసి అన్నానికి లేస్తాడు. వాడు తిరిగి వచ్చేదాకా ఆ పాట ఇంట్లో మోగతానే ఉంటాది. కరోనాలో వేలూరు ఆస్పత్రికి పోయినాడు. మేము మళ్లా చూసింది మూటనే, అది కూడా దూరం నుంచి. ఈ పాట ముగించేదానికి నాకు చెయ్యి రాదు. అమ్మ వస్తాది ఆ దినం, వినేదానికి."

నేను ఓదార్చే రకం కాదు. నాకు తెలిసింది అడిగినాను.

"దింపుడు కళ్లం కాడ మీ వాన్ని ఎవరైనా పిలిచినారా?"

సగం దావలో పాడె దించి, అయినోళ్లు చెవి కాడ పేరు పెట్టి మూడు మార్లు పిలుస్తారు. లేస్తాడేమో అని ఆఖరి ఆశ. అప్పుడు బ్యాండు ఊదకూడదు. ఊదేది ఎవడైనా నేర్చుకుంటాడు, ఆడ ఊరుకునేది నేర్చుకో అని మా నాయన తిట్టి తిట్టి చెప్పినాడు.

"యాడ పిలిచేది తాతా. పక్కకే రానీలేదు."

"అట్లైతే ముగించబాకు. ఆడ మేము ఊరుకున్నట్టు ఖాళీ ఇడిసిపెట్టు."

నేను చెప్పింది ఒక్క ఖాళీ. ఆ పిల్ల ఇంటికి పోయి పాటంతా తిరగరాసింది. మూడు చుట్లు. ఒక్కో చుట్టుకు ఒక్కో వాద్యం తగ్గతాది. ఒక్కో చుట్టు వెనక ఒక ఖాళీ. మూడో చుట్టులో కీబోర్డు, నేను, అంతే.

వేలూరు హాల్లో అంతా వయసు పిల్లోళ్లే. వాళ్లకు ప్రతి పాటా తెలుసు, మొదలుపెడితే చాలు ఈలలు. ముందు వరసలో భువన అమ్మ ఒక్కతే చీర కొంగు కప్పుకోని కూసోనుండాది. మొదటి ఖాళీలో అయిపోయిందనుకోని జనం చప్పట్లు కొట్టినారు. సెల్వం కోపంతో పండ్లు పటపట కొరికినాడు. రెండో ఖాళీలో ఎవరో దగ్గినారు, అంతే. మూడో చుట్టు ఊది నేను క్లారినెట్ దించినాను.

ముందు వరస నుంచి వినపడింది. "మునీ."

గట్టిగా కాదు. పక్క గదిలో ఉండే వాన్ని పిలిచినట్టు. కొంచెం ఆగి మళ్లా, "మునెప్పా." మూడోసారి ఆమెకు గొంతు లేవలేదు. స్టేజీ మింద నుంచి, మైకు లేకుండా, భువన పిలిచింది. "అన్నా."

చప్పట్లు లేవు. భువన చేతులు తీసి ఒళ్లో పెట్టుకునింది. అదే ముగింపు.

కిందికి దిగినాక భువన అమ్మ నా దగ్గరికి వచ్చింది. "ఇంట్లో పిలవాలంటే నోరు రాలేదన్నా. ఈడ వచ్చింది" అనింది. మొగం కడుక్కోని పిల్లోళ్లకు తెచ్చిన పులిహోర పంచింది.

ఇన్నేండ్లూ దింపుడు కళ్లం పోయినోని కోసమే అనుకుంటిని. కాదు. పోయినోడు యాడ వింటాడు? పిలిచేవాళ్ల గొంతు వాళ్ల చెవికే వినపడల్ల, అందుకే ఆ పిలుపు. మా బ్యాండ్‌సెట్టోళ్లు ఆ పిలిచే టయానికి బీడీలు ముట్టించి, బేరాలు మాట్లాడుకుంటారు. నేనూ చూసీ చూడనట్టే ఉండేవాన్ని. ఇప్పుడు ఒప్పుకోను. ఆడ దగ్గు వచ్చినా పక్కకు పోయి దగ్గమని చెప్తాను.