కంచె బయట జనం

మీ పత్రికకు నేను రాసిన ఉత్తరానికి జవాబు రాక దాదాపు నలభై ఏళ్లయింది. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు కనుక మళ్లీ రాస్తున్నాను. నిన్న పొద్దున్న టీవీలో ఒక కుర్ర నిపుణుడు ఏదో విమాన కంపెనీ షేరు గురించి, ముందు ముందు గిరాకీకి ఢోకా లేదు, కొని ఉంచుకోండి అని చెబుతుంటే నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఇదే మాట, ఇంతే ధీమాగా, ఎనభైల్లో మా విశాఖపట్నంలో ఒకసారి విన్నాను.

అప్పట్లో నేను వన్‌టౌన్‌లో ఒక షేర్ల దళారీ ఆఫీసులో గుమాస్తాను. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. ఒక చిన్న ప్రైవేటు కంపెనీ ఎయిర్ టాక్సీ పేరుతో మద్రాసుకు చిన్న విమానం నడపడం మొదలుపెట్టి షేర్లు అమ్మకానికి పెట్టింది. దాని భవిష్యత్తు తేల్చి మీ పత్రికలో రాయడానికి మద్రాసు నుంచి ఒక విశ్లేషకుడు వస్తే, ఆయన సంచీ మోసుకుని విమానాశ్రయానికి వెళ్లింది నేనే.

ఆ రోజుల్లో మా వైపు ఒకడు విమానం ఎక్కుతున్నాడంటే ఊరంతా సాగనంపడానికి వచ్చేది. ఎలమంచిలి నుంచి వ్యాను, పద్మనాభం నుంచి లారీ, బంతిపూల దండలు, పులిహోర డబ్బాలు, ముక్కు చీదుకుంటున్న ముసలమ్మలు, ఇనపకంచె పొడుగునా తిరునాళ్లలా ఉండేది. ఆ సాయంత్రమూ అంతే. విశ్లేషకుడు నీడన నిలబడి సోడా తాగుతూ, ఆ జనాన్ని చూసి చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. విమానం మెట్లెక్కింది తొమ్మిదిమందేనండీ అని రెండుసార్లు చెప్పాను. తల ఎత్తలేదు. మూడోసారి చెప్పబోతే, సంచీ జాగ్రత్త అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

విశాఖలో ప్రయాణికులు కిటకిటలాడుతున్నారు, షేరు తప్పక కొనదగినది అని అచ్చయింది. పోర్టులో కలాసీగా పనిచేసే మా అక్క మొగుడు అది చదివించుకుని, పద్మనాభంలో తన వాటా మడిచెక్క అమ్మి ఆ షేర్లు కొంటానన్నాడు. మూడు వారాలు విమానాశ్రయానికి సైకిలు తొక్కి, ఎక్కినవాళ్లను మాత్రమే రాసుకుని, ఆ కాగితం బావ ముందు పెట్టాను.

"ఏటి బామ్మర్దీ, మద్రాసోడికి తెల్దు గానీ నీకు తెలిసిపోనాదేటి?" అని నవ్వాడు.

"ఆ రోజు లారీలో నువ్వూ వొచ్చినావు కదా బావా! ఆడు నిన్ను కూడా పాసింజరనే రాసుకున్నాడు" అన్నాను.

"అయితే మరేటి, నానూ ఎక్కుతాన్లే ఒకరోజు!"

మడి అమ్మేశాడు. నేను మీ పత్రికకు రిజిస్టర్డు ఉత్తరం రాశాను. అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది, జవాబు మాత్రం రాలేదు. ఏడాది తిరక్కుండానే విమానం రావడం మానేసింది, కంపెనీ మూతపడింది. కోతల రోజుల్లో బావ పద్మనాభం బస్సు ఎక్కడం మానుకున్నాడు. మా అక్క రేషన్ బియ్యం సంచీ పట్టుకుని వరసలో నిలబడటం నేర్చుకుంది. నా మాట నిజమైనందుకో ఏమో, ఆయన నాతో మాట్లాడటం కూడా తగ్గించేశాడు. విమానం ఎక్కకుండానే పోయాడు.

మొన్న పని మీద విమానాశ్రయం వైపు వెళ్లాను. దండలు లేవు, డబ్బాలు లేవు. కారు తలుపు వేసిన చప్పుడు, ఎవరి పెట్టె వాళ్లు లాక్కుంటూ వెనక్కి తిరగకుండా లోపలికి. ఇప్పుడు జనాన్ని చూసి రాసుకున్నా తప్పు రాదు కాబోలు. కానీ ఎవరో ఒకరు ఏడుస్తారేమోనని చాలాసేపు నిలబడ్డాను.

ఆ కార్డు నా దగ్గరే ఉంది, సంతకం చెరగలేదు. ఆ సంతకం పెట్టినవారు గానీ, సోడా తాగిన ఆ పెద్దమనిషి గానీ బతికుంటే నాకు ఒక్క సంగతి చెప్పాలి. ఆ సాయంత్రం కంచె బయట మీరు లెక్కపెట్టిన జనంలో మా బావ ఉన్నాడు. మెట్ల మీద ఎంతమందిని చూశారు?