తెలుగు క్లాసుకు అరువు పిల్లలు

అరవై రెండేళ్ల వయసులో పదో తరగతికి ప్రైవేటుగా కట్టినవాణ్ణి కాబట్టి, మాధవరంలో ట్యూషన్‌కు నేను వెళ్లిన మొదటిరోజు గదిలో ఉన్న పిల్లలందరూ మాస్టారు వచ్చారనుకుని లేచి నిలబడ్డారు. నన్ను చూసి ఎవరైనా లేచి నిలబడడం నా జన్మలో అదే మొదటిసారి గనక, ఆ మర్యాదను పాడుచేయడం ఇష్టం లేక, కూర్చోండి కూర్చోండి అని చేత్తో సైగ చేసి బోర్డు వైపు రెండడుగులు కూడా వేశాను. అసలు టీచరమ్మ వచ్చేదాకా ఐదు నిమిషాలపాటు ఆ క్లాసును నేనే నడిపానని చెప్పుకోవాలి. పాఠం ఒక్కటే చెప్పలేదు. ఆమె మా చిన్నకూతురి కంటే చిన్నది. లోపలికి వస్తూనే నన్ను చూసి, "మనవడిని చేర్పించడానికి వచ్చినారా సార్" అని అడిగింది. "వాడు ఎప్పుడో పాసైపోయినాడమ్మా, ఇంట్లో మిగిలింది నేనే" అన్నాను. పిల్లలు నవ్వారు. నవ్విస్తే చాలు, పక్కనే చోటు దొరుకుతుంది. ఈ ఒక్క విద్య మాత్రం నాకు బడి మానేయకముందే వచ్చు.

ఆ నవ్వు సద్దుమణగకముందే టీచరమ్మ అందరికీ ఒక పని అప్పజెప్పింది. తెలుగు పేపరుకు చెయ్యి అలవాటు కావాలని, ఒక పేజీ వ్యాసం రాసుకురమ్మంది: నేను పాటించే విలువలు, నేను నేర్చుకున్న చదువు, ఇకమీదట నేను కాదలచుకున్నది. పక్కనున్న పదహారేళ్ల కుర్రవాడు పెన్ను కిందపెట్టకుండా రాసేశాడు. నేను ఇంటికి తెచ్చుకుని, శీర్షిక ఒక్కటి గుండ్రంగా రాసి, కింద గీత గీసి, వారం రోజులు ఆ కాగితాన్ని చూస్తూ కూర్చున్నాను. ఏం కాదలచుకున్నావు అని నన్ను ఇదివరకే ఒకసారి అడిగారు, ఎనిమిదో క్లాసులో. అప్పుడు నేను చెప్పిన జవాబు తర్వాత జరిగింది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఈ తమిళ ఊళ్లో పుట్టి పెరిగిన నా వయసు తెలుగువాళ్లకు తెలిసే ఉంటుంది, మనవాళ్లు ఈ గడ్డ మీదికి ఎప్పుడు వచ్చారో మన తాతలకే తెలియదు. నెల్లూరు ఏ దిక్కునుందో చూడకుండానే ఇంట్లో ఆ యాసే మాట్లాడుకున్నాం, గడప దాటితే తమిళం. వాషర్‌మెన్‌పేట్‌లో మేమున్న వీధిలో సగం ఇళ్లు అలాంటివే. మా బడి తమిళ బడి, అందులో ఒక మూల తెలుగు సెక్షన్. పెద్ద క్లాసులో మేము పదకొండు మందిమి. తల్లిదండ్రులు ఒక్కొక్కరే పిల్లల్ని తమిళంలోకి మార్చేస్తుంటే, ఇన్ని తలలు లేకపోతే సెక్షన్ ఎత్తేస్తామని పైనుంచి ఆర్డరు వచ్చిందట. ఏడాదికోసారి ఒక ఆఫీసరు వచ్చి తలలు లెక్కపెట్టేవాడు.

మా మాస్టారు బక్కపలచని మనిషి, నడిస్తే చొక్కా ముందు నడుస్తున్నట్టు ఉండేది. ఆ తలల లెక్కకు వారం ముందునుంచి ఆయన బడి వదిలాక ఇల్లిల్లూ తిరిగేవారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో చదువుకునే పిల్లలున్న ఇళ్లు ఆయనకు వేళ్ల మీద ఉండేవి. ఒక్కపూట బిడ్డను పంపండమ్మా అని గుమ్మంలో నిలబడి అడిగేవారు. పెళ్లికి పక్కింటివాళ్లు కుర్చీలు అడిగితే ఇచ్చినట్టు మనవాళ్లు పిల్లల్ని ఇచ్చేవారు, అదీ తలకు నూనె పెట్టి, జడలు వేసి మరీ. తప్పని ఎవరూ అనుకోలేదు. తమిళం పక్క అయ్యవార్లు ఆ పూటకు కిటికీలోంచి వేరే వైపు చూసేవారు.

ఆ అరువు పిల్లలకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. అందుకని మాస్టారు వాళ్లకు వాచకంలో ఒకే ఒక పాఠం, ఆవు మీద ఉన్న పాఠం, కంఠస్థం పట్టించేవారు. పుస్తకం ఆ పేజీకి తెరిచి పట్టుకోవాలి, వేలు పంక్తి కింద కదలాలి, కళ్లు వేలితోపాటు కదలాలి, నోరు దానిపాటికి అది చెప్పుకుపోవాలి. దూరంనుంచి చూసినవాళ్లకు చదువుతున్నట్టే ఉండేది. అందరికంటే బాగా చేసింది మా మేనత్త కూతురు. నాకంటే ఏడాది చిన్నదైనా చదివేది ఎనిమిదే, తమిళం క్లాసులో ఫస్టు. మేము వారం తంటాలు పడ్డ పాఠాన్ని ఒక్క సాయంత్రంలో పట్టేసి, ఎక్కడ ఆగాలో అక్కడ ఊపిరి తీసుకుని మరీ చెప్పేది. "నీకు చదవను వచ్చి కూడా తడబడతావు గదా బావా, నేను చూడు" అని నన్ను దెప్పేది. నేను నవ్వేవాణ్ణి, లోపల మండేది.

ఒక్కొక్క అరువు బిడ్డ పక్కన ఒక్కొక్క అసలు బిడ్డను కూర్చోబెట్టారు మాస్టారు, పేజీ తప్పకుండా చూసుకోవడానికి. మేనత్త కూతురు గనక ఆమె పక్కన నన్ను వేశారు. నా భుజం మీద చెయ్యివేసి, పేజీ నీ పూచీరా అన్నారు. ఆయన నాకు అప్పజెప్పిన పని అదొక్కటే.

ఆఫీసరు వచ్చాడు. ఆయనా మనవాడే, ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం. తలలు లెక్కపెట్టుకున్నాడు, సరిపోయాయి, పుస్తకం మూశాడు. వెళ్లిపోయేవాడే. పిల్లలతో నాలుగు మాటలు ఆడాలనిపించి, ఏమవుతారురా పెద్దయ్యాక అని వరసన అడుగుతూ వచ్చాడు. ఒకడు పోలీసన్నాడు, ఒకడు లారీ డ్రైవరన్నాడు. నా వంతు వచ్చేసరికి, "మీ మాదిరి ఆఫీసరు కావాల సార్, ఏడాదికి ఒకసారి వచ్చి తలలు లెక్కబెట్టి పోతే చాలు గదా" అన్నాను. ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు. మాస్టారు కూడా నవ్వారు. ఆ వారంలో ఆయన ముఖం విప్పారడం అప్పుడే చూశాను. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు నాకు తలకెక్కింది. ఇంకొక్కటి కావాలనిపించింది.

పోయేముందు ఎవరైనా ఒక పాఠం చదివి వినిపించండి అన్నాడు ఆఫీసరు. మాస్టారు ధైర్యంగా మా మరదలిని చూపించారు. ఆమె పావడా సర్దుకుని లేచే లోపల, బల్ల మీదున్న పుస్తకంలో నేను ఒక పది పేజీలు తిప్పేశాను.

ఏం జరుగుతుందో తెలియక చేశానని ఇన్నేళ్లలో ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. తెలిసే చేశాను. సెక్షన్ పోతుందని కాదు, అంత దూరం చూడలేదు. ఆమె తడబడుతుందని, అందరూ నవ్వుతారని, అంతవరకే చూశాను.

ఆమె పుస్తకం ఎత్తి, ఆవు సాధుజంతువు అని మొదలుపెట్టింది. పేజీ నిండా రైలుబండి బొమ్మ. ఇంజన్ కింద ఆమె వేలు మెల్లగా కదులుతోంది, గొంతు ఎక్కడా తడబడలేదు. వెనక బెంచీవాళ్లు తొంగిచూసి కిసుక్కుమన్నారు. ఎందుకు నవ్వుతున్నారో చూద్దామని ఆఫీసరు దగ్గరికి వచ్చాడు. పుస్తకం తీసుకుని చూశాడు. ఇంకేదో పేజీ తెరిచి, మెత్తగానే, "ఇది చదువమ్మా" అన్నాడు. ఆమె ఆ పేజీని చూసింది. కాసేపు కళ్లు అటూ ఇటూ కదిలాయి. తర్వాత వేలు పెట్టి, మళ్లీ మొదటినుంచి ఆవు సాధుజంతువు అని అందుకుంది. ఆమె దగ్గరున్నది అదొక్కటే మరి. ఆయన పక్క బెంచీకి వెళ్లాడు, ఆ వెనక బెంచీకి వెళ్లాడు. ఏ పేజీ తీసినా, ఎవరిని లేపినా, ఆవే.

ఇప్పుడు రాస్తుంటే ఇది నవ్వొచ్చే సంగతిలాగే ఉంది. ఆ రోజు మాత్రం రెండో బిడ్డ దగ్గరికి వచ్చేసరికే నవ్వులు ఆగిపోయాయి. ఆఫీసరు కోప్పడలేదు. మూసిన తన లెక్కపుస్తకం మళ్లీ తెరిచి, అంకె కొట్టేసి, ఇంకో అంకె వేసుకున్నాడు. మాస్టారు డస్టరు తీసుకుని, ఏమీ రాసిలేని బోర్డును తుడుస్తూ నిలబడ్డారు.

వేసవి సెలవులు అయ్యేసరికి తెలుగు సెక్షన్ లేదు. మాస్టారిని ఊరికి ఆ చివర ఎక్కడో, తెలుగు అక్షరంతో పనిలేని బడికి, రిజిస్టర్లు రాయడానికి వేశారు. తప్పు ఎవరిదని ఆయన ఎవరినీ అడగలేదు. ఇళ్లల్లో మాత్రం అడగకుండానే తేల్చేశారు. పేజీ చూసుకోని పిల్లవల్ల సెక్షన్ పోయిందని మా మేనత్తే పదిమందిలో అనేది. మా మరదలు తల వంచుకుని వినేది. మమ్మల్ని పదకొండు మందినీ తమిళం క్లాసులో కలిపారు. నేను రెండు రోజులు వెళ్లాను. తమిళ అక్షరాలు బుర్రకెక్కడం లేదని ఇంట్లో చెప్పి మూడోరోజు మానేశాను. అక్షరాలు ఎక్కకపోవడం కాదు, ఆ క్లాసులో రెండో బెంచీలో ఆమె కూర్చునేది. తర్వాత పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరడిగినా, నేను బడి మానలేదండీ, బడే నన్ను మానేసింది అని నవ్వించేవాణ్ణి. దాదాపు యాభై ఏళ్లు ఆ మాటమీద బతికాను.

నన్ను స్టీలు సామాన్ల అంగట్లో పెట్టారు. గిన్నెల మీద, బిందెల మీద చిన్న ఉలితో పేర్లు కొట్టే పని. తమిళ అక్షరాలు ఆరు నెలల్లో చేతికి వచ్చేశాయి, బుర్రకెక్కవన్న అక్షరాలే. తెలుగులో కొట్టడం ఆ వీధిలో నాకొక్కడికే వచ్చు గనక తెలుగిళ్ల పెళ్లి సామానంతా నా దగ్గరికే వచ్చేది. ఒకరోజు మాస్టారు వచ్చారు, కూతురి పెళ్లి సామానుకు. నేను ఉలి పట్టుకుని కూర్చుని ఉంటే అలవాటుకొద్దీ, "ఏం చదువుతున్నావురా" అన్నారు. "గిన్నెలు చదువుతున్నాను సార్" అన్నాను. ఆయన నవ్వారు. చెప్పడానికి అదే సమయమని నాకు తెలుసు. ఆయన బిందె మీది అక్షరాల్ని వేలితో తడిమి, దీర్ఘం కొంచెం పెద్దదైందిరా, అయినా బాగుంది అని, నవ్వుతూనే వెళ్లిపోయారు. మళ్లీ ఆయనను చూసింది లేదు. పోయారన్న కబురు మాత్రం, అదీ చాలా ఆలస్యంగా, ఎవరో చెప్పారు. మా మరదలి పెళ్లి సామానూ నేనే కొట్టాను. పేరు తమిళంలో కొట్టమని కబురు వచ్చింది. ఆమె బాగా చదువుకుని, తమిళం టీచరై, మైలాపూరులో రిటైరైంది.

ఆ రోజటి ఆమె కళ్లు మాత్రం నన్ను వదల్లేదు. అవ్వ కాలంనాటి బిందెలు మార్చుకోవడానికి మనవలు తెచ్చేవారు. వాటి మీది తెలుగు అక్షరాల్ని చూసి ఇదేం డిజైను అంకుల్ అని తమిళంలో అడిగేవారు. డిజైను కాదప్పా, మీ అవ్వ పేరు అని చెప్తే, మళ్లీ ఆ బిందెను చూసేవారు. అటూ ఇటూ కదిలి, పట్టు దొరకని ఆ చూపు నేను ఒకే ఒక బెంచీ మీద చూశాను. ఉలి పక్కన పెట్టి నీళ్లు తాగి వచ్చేవాణ్ణి. ఇప్పుడు పేర్లు మిషను కొడుతుంది, దానికి ఏ చూపూ పట్టదు.

ఈ ముసలితనంలో పరీక్షకు కట్టడానికి కారణం మా అపార్ట్‌మెంట్‌లోకి ఆంధ్రానుంచి కొత్తగా వచ్చిన ఒక తల్లి. కంప్యూటర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్లకు అక్షరాలు దిద్దిస్తారా బాబాయిగారూ అని అడిగింది. పది కూడా పాసవని నా దగ్గరికి పంపితే పిల్లలు నవ్వు తప్ప ఏం నేర్చుకుంటారమ్మా అన్నాను. ఆమె ఊరుకుంది, నేను ఊరుకోలేకపోయాను. నేను కాదలచుకున్నది అదే, ఇద్దరు పిల్లల పక్కన కూర్చుని పేజీ చూసుకునేవాణ్ణి. కానీ విలువలు అన్న చోట ఏం రాయను? మాస్టారికి చెప్పే వీలు లేదు. మిగిలింది ఒక్కరే.

మైలాపూరుకు రైల్లో వెళ్తుంటే కిటికీలోంచి ఎన్ని బడులు కనిపించాయో, యూనిఫాంలు, బస్సులు, పెద్ద పెద్ద గేట్లు. ఇప్పుడు ఎవరూ గుమ్మం గుమ్మానికీ వెళ్లి బిడ్డను ఒక్కపూట ఇమ్మని అడగరు. అడిగే అవసరం లేదు, లెక్కపెట్టడానికి సెక్షనే లేదు. అప్పట్లో మన భాష నిలబడాలంటే ఒక బక్కమనిషి వారం రోజులు నడవాల్సి వచ్చేది, దొంగలెక్కే అయినా నడిచేవాడు; ఆ నడక ఆగిపోయిన రోజు ఎవరికీ వినిపించలేదు, నాకు తప్ప. నాకు వినిపించి ఏం లాభం, నేను నవ్విస్తూ ఉండిపోయాను.

మరదలు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. తలంతా నెరిసింది, టీచరమ్మ కళ్లద్దాలు. ఒక్క జోకూ లేకుండా మొత్తం చెప్పాను; నేను అలా మాట్లాడడం ఆమె వినడం అదే మొదటిసారి. అడ్డు రాలేదు. అయ్యాక, "తెలుసు బావా" అంది. "నువ్వు తిప్పేటప్పుడు నీ మోచెయ్యి నాకు తగల్లా?"

మరి పేజీ మారిందని తెలిసీ ఎట్లా మొదలుపెట్టినావంటే, "ఏ పేజీకి తిప్పుకోవాలో నాకేం తెలుసు, ఆడ ఉండేది నాకు అన్నీ ఒకటే గదా" అంది.

 ఇన్నేళ్లు అంతమంది నిన్నంటుంటే ఒక్కరితోనైనా ఎందుకు చెప్పలేదు, మాస్టారితోనైనా, అని అడిగాను. ఆమె నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంటూ, నెమ్మదిగా అంది:

"చెప్పుంటే ఆయన నీకు నాలుగు తగిలించుంటాడు, సాయంత్రానికి నువ్వు మర్చిపోయుంటావు. అంత సులభంగా నిన్ను వదిలేస్తానా బావా?"