కాలి నొప్పికి మా సార్ వెతికిన తెలుగు

మా సార్ పోయారని పొద్దున్నే ఆయన కూతురు ఫోన్ చేసింది. నల్లగొండలో నాకు ఫిజియోథెరపీ పని నేర్పింది ఆయనే. కాలికి షుగర్ పుండు పడి, ముదిరి, ఒళ్లంతా విషం పాకిందట. ఏడుపుకన్నా ముందు నాకు కోపం వచ్చింది. ఆయన విషయంలో ఎప్పుడూ ముందు వచ్చేది అదే.

ఆయనతో పని చేస్తే ఎంతటివాళ్లకైనా ఓపిక నశించేది. తెలంగాణ వచ్చిన కొత్తలో, పాదం, చీలమండ బాధలను కొలిచే ఒక ఇంగ్లీషు ప్రశ్నావళిని మన రోగుల కోసం తెలుగు చేయడానికి పూనుకున్నాం. వారంలో అయిపోతుందనుకున్నాను. మొదటి మాట దగ్గరే సార్ ఆగిపోయారు. నేను 'పాదం' అని రాస్తే కొట్టేశారు.

"పాదాలు దేవునికుంటయి బిడ్డా. మనకు కాళ్లుంటయి."

"కాలు అంటే తుంటి దాకా వస్తది గద సార్?"

"అయితే యాడ నొస్తాందో ఏలు పెట్టి సూపియ్యుమను."

'రెండు వీధుల దూరం నడవగలరా' అన్న ప్రశ్నతో నెల గడిచింది. పల్లెలో వీధి పొడవెంత? "బస్టాండు నుంచి దవాఖాన దాకా" అని రాయించారు. కొల్లాపూర్ వాళ్లకు మన బస్టాండు ఏం తెలుసని మర్నాడు తానే కొట్టేశారు. నేను కాగితాలు బల్ల మీద పడేసి బయటికి వెళ్లిపోయిన రోజులున్నాయి. తిరిగి వచ్చేసరికి నా టీ చల్లారకుండా సాసరు మూతపెట్టి ఉండేది.

ప్రశ్నలు జనానికి అర్థమవుతున్నాయో లేదో చూడటానికి భువనగిరి వైపు ఒక నేత ఊరికి వెళ్లాం. మగ్గం గుంటలో కాళ్లతో పలకలు తొక్కే ఒక అవ్వ, ప్రతి ప్రశ్నకూ "ఏం బాధ లేదు" అంది. ఆ వెంటనే లేచి, గోడ పట్టుకుని కుంటుతూ వెళ్లి మాకు నీళ్లు తెచ్చింది. మా లెక్క ప్రకారం ఆమె కాలికి ఏ రోగమూ లేదు. నాకు చిర్రెత్తింది. సార్ గుంట అంచున కూర్చున్నారు.

"అవ్వా, కాలు నొస్తాందని ఏం పని ఇడిసిపెట్టినవు?"

ఆమె నీళ్ల చెంబు కింద పెట్టింది. "మా చెల్లె కేతేపల్లిల ఉంటది సారూ. బస్సు దిగుడు చాతగాక పోవుడే బంద్ జేసిన. మగ్గం ఆపుమంటరని ఇంట్ల చెప్పలె."

ఆ ప్రశ్న చేర్చాల్సిందేనని సార్ పట్టుబట్టారు. మాటలు మార్చుకోండి గానీ కొత్త ప్రశ్న చేర్చకూడదన్నారు, ఆ ఇంగ్లీషు ప్రశ్నావళిని తయారుచేసిన వాళ్లు. సార్ నెలల తరబడి వాళ్లతో వాదించి, ఓడి, అలిగారు. ప్రశ్నావళి వాళ్లు చెప్పినట్టే పూర్తయింది. ఆయన మాత్రం రిటైరయ్యేదాకా వచ్చిన ప్రతి మనిషినీ ఆ ప్రశ్న నోటితో అడిగారు. "మంచిగున్న అన్నోణ్ని ఇంకోపారి అడగాలె" అనేవారు. ఇవాళ రోగి చెప్పేది నాకు వినబడుతోందంటే, అంతగా విసిగించిన ఆ మనిషి వల్లే.

అలాంటి మనిషి, రిటైరయ్యాక ఒకసారి బూట్లు మానేసి వదులు చెప్పులతో కనిపిస్తే, కాలికేమైందని అడిగాను.

"మంచిగనే ఉంది."

ఇంకోసారి అడిగాను. "నాకే పరీక్షనా?" అని నవ్వి, మాటను వానల మీదికి మళ్లించారు. చూపించమంటే కాలు కుర్చీ కిందికి లాక్కున్నారు. మళ్లీ అడిగితే కోప్పడ్డారు. ఆయన భార్యకు చెప్పాను. ఆమెనూ అలాగే ఏమార్చారు. దవాఖానకు వెళ్లేసరికి ఆలస్యమైపోయింది.

నేను వెళ్లేసరికి సార్‌ను వాకిట్లో పడుకోబెట్టారు. ఆ కాలిని నేను దగ్గరగా చూడటం అదే మొదటిసారి, అదీ కట్టుతోనే. స్నానానికి ముందు ఎవరో కట్టు విప్పబోతే, సార్ భార్య చేయి అడ్డం పెట్టింది.

"ఉండనియ్యిండ్రి. ఇగ శాన దూరం నడవాలె ఆయన."

 ఆ తెల్లటి కట్టు తడవకుండా, చుట్టూ మెల్లగా నీళ్లు పోశారు.