చీర మీద అంగి

గచ్చిబౌలిలో ఒక అద్దాల భవనంలో నా ఉద్యోగం. ఫోన్లో జనం వేలితో నొక్కే తెరలు ఎలా ఉండాలో, ఏ మాట ఎక్కడ కనపడాలో, ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో తేల్చే డిజైన్ టీమ్‌లో పనిచేస్తాను. టీమ్‌లో అందరం చిన్నవాళ్లమే. పొద్దంతా రంగుల గురించి కొట్లాడుకునేవాళ్లం కాబట్టి ఒంటి మీది బట్టల విషయంలోనూ ఎవరి పట్టుదల వాళ్లది.

నా పక్క సీటులో కూర్చునే స్నేహితుడు భీమవరం వైపు నుంచి వచ్చాడు. కళ్లకు కాటుక, చెవులకు వెండి పోగులు, మడత నలగని తెల్లచొక్కా. వాళ్ల తాత పౌరాణిక నాటకాల్లో ఆడవేషాలు కట్టేవాడట. తాత కాటుక దిద్దుకుంటుంటే పక్కన కూర్చుని చూడటమే తన ఫ్యాషన్ చదువు అనేవాడు. లిఫ్టులో ఎవరైనా తేరిపార చూస్తే తలదించుకునేవాడు కాదు, తానూ అంతే తీరిగ్గా వాళ్లను చూసేవాడు.

చేరిన కొత్తలో నేను మాత్రం అందరిలాగే జీన్సు, టాపులు వేసుకునేదాన్ని. అవి బాగానే ఉండేవి. కానీ అద్దంలో చూసుకుంటే ఎవరి బట్టలో అడిగి తెచ్చుకున్నట్టు అనిపించేది. మణికొండలో నేనుండే హాస్టల్ వీధిలో పొద్దున్నే ఆఫీసు బస్సుల కోసం నిలబడే అమ్మాయిలందరం ఒకే దుకాణంలోంచి నడిచి వచ్చినట్టుండేవాళ్లం.

మా ఊరు చేవెళ్ల దాటి లోపలికి పోవాలి. అమ్మ కూలికి పోతుంది, ఎక్కువగా బెండ తోటల్లో కాయలు తెంపడానికి. బెండ చెట్టుకు సన్నని నూగు ఉంటుంది. అది చర్మానికి తగిలితే దురద, ఆ మీద మంట. అందుకని ఆడవాళ్లంతా చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల అంగి వేసుకుంటారు. చొక్కాను మా దగ్గర అంగి అనే అంటాం. కొంగు నడుముకు చుట్టి బిగిస్తారు, అంగి గుండీలు మెడ దాకా పెడతారు, చేతులు వేళ్ల మీదికి లాక్కుంటారు, తలకు తువ్వాల కడతారు. ఆఫీసు దారిలో కొత్తగా లేచే టవర్ల దగ్గర ఇసుక మోసే ఆడవాళ్లదీ ఇదే కట్టు. ఆఫీసు బస్సు కిటికీలోంచి వాళ్లను చూసినప్పుడల్లా నాకు అమ్మ గుర్తొచ్చేది. ఆ వెంటనే ఇంకో మాట కూడా తోచేది. ఎంత బాగున్నారు వీళ్లు! ఎర్రచీర మీద నీలం గళ్ల అంగి, నెత్తిన పసుపు తువ్వాల. రంగులు కలపడమే ఉద్యోగంగా ఉన్న మా ఫ్లోరులో అంత ధైర్యంగా కలిపేవాళ్లు ఒక్కరూ లేరు.

ఒక ఆదివారం ఊరికి పోయినప్పుడు నాన్న వేసుకోక పక్కన పెట్టిన గళ్ల అంగి ఒకటి అడిగి తెచ్చుకున్నాను. సోమవారం దాన్ని ముదురెరుపు నూలుచీర మీద వేసుకుని, కాళ్లకు బూట్లు తొడిగి ఆఫీసుకు పోయాను. అద్దం ముందు నిలబడ్డప్పుడు అందులో ఉన్నది నేనేనని మొదటిసారి అనిపించింది. స్నేహితుడు కుర్చీ వెనక్కి జరుపుకుని ఓసారి నా చుట్టూ తిరిగి చూశాడు. ఎక్కడ చూసి నేర్చుకున్నావని అడిగాడు. బెండ తోటలో అన్నాను. నవ్వలేదు. ఇకనుంచి ఇదే వేసుకోమన్నాడు.

అప్పటినుంచి వారంలో సగం రోజులు అదే వేసుకున్నాను. ఆ మధ్యలోనే కంపెనీ పేజీలో ‘మా స్టైల్, మా స్ఫూర్తి’ అని మా టీమ్ వాళ్ల ఫోటోలు పెడదామన్నారు. ఒక్కొక్కరం కేంటీన్ బాల్కనీలో నిలబడి ఫోటో దిగాం. కింద రాయడానికి నాలుగు ముక్కలు ఎవరివి వాళ్లే ఇచ్చాం. నేను ఇలా రాశాను: ‘మా అమ్మ బెండ తోటలో కూలికి పోయేటప్పుడు చీర మీద అంగి వేసుకుంటుంది. నా కంటికి మొదట నచ్చిన బట్టలు అవి. నా స్టైల్ మా అమ్మది.’

రెండు రోజుల తరువాత హెచ్‌ఆర్ మేడమ్ పిలిచారు. మర్యాదస్తురాలు, ఎప్పుడూ గొంతు పెంచరు. ఫోటో అద్భుతంగా ఉందని, అన్నిటికన్నా పైన అదే పెట్టాలనుకుంటున్నామని చెప్పి లాప్‌టాప్ నావైపు తిప్పారు. ఫోటో నాదే. కింద మాటలు నావి కావు. ‘సంప్రదాయానికి కొత్త లేయరింగ్’ అని ఉంది.

కూలి అన్న మాట ఏమైందని అడిగాను.

“క్లయింట్లు కూడా చూస్తారు కదండీ. మిమ్మల్ని చూసి ఎవరైనా జాలిపడటం మీకు మాత్రం బావుంటుందా?” అన్నారు.

“జాలిపడమని నేనెక్కడా రాయలేదు మేడమ్. బాగుంటుందని రాశాను.”

నా మంచికే చెప్తున్నానన్నారు ఆవిడ. పోనీ అమ్మ అన్న మాట ఉంచి తోట, కూలి తీసేద్దామని బేరం పెట్టారు. నాకు ఒళ్లు మండింది. వాళ్లకు అంగి కావాలి, చీర కావాలి, ఆ రంగుల కలయిక కావాలి. అవి వేసుకుని ఎండలో నిలబడ్డ మనిషి మాత్రం వద్దు. ఆ మాటే చెప్పాను. మాటలన్నీ ఉంటేనే ఫోటో ఉండాలని, లేకపోతే రెండూ తీసేయమని చెప్పి బయటికి వచ్చేశాను.

సీటు దగ్గరకు వచ్చేసరికి స్నేహితుడు తన ఫోటో కింద మార్చిన మాటలు చూసుకుంటున్నాడు. అందులో తాత లేడు, నాటకం లేదు. ఏదో విదేశీ పాటగాళ్ల ప్రభావం అని రాసి ఉంది. “వాళ్లెవరో నాకు తెలీనే తెలీదు. మా తాతని లేపేసి ఎవర్నో తెచ్చి కూర్చోబెట్టారు చూడు” అన్నాడు. తన ఫోటో కూడా తీసేయమని అక్కడికక్కడే మెయిల్ పెట్టాడు. మిగతావాళ్ల ఫోటోలతో పేజీ వచ్చింది. ఎవరినీ తప్పుపట్టను. అందరికీ అన్నిటితో పోట్లాడే ఓపిక ఉండదు.

మేడమ్‌తో మాట్లాడిన మరునాడు నేను తువ్వాల కూడా కట్టుకున్నాను. అంతవరకు అది మాత్రం కట్టలేదు. ఆఫీసుకు అంత పనికిరాదేమోనని నాకే ఎక్కడో ఉండేది. ఆ రోజు ఆ జంకు కూడా వదిలేసి, పచ్చని తువ్వాల నెత్తికి బిగించి పోయాను.

గేటు దగ్గర కొత్తగా వచ్చిన సెక్యూరిటీ ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “గిటు కాదమ్మా. పనోళ్ల గేటు ఎనుక ఉన్నది, అటు పో” అన్నాడు. కోపంగా కాదు, దారి చెప్పినట్టే చెప్పాడు.

నా కార్డు అంగి జేబులోనే ఉంది. చెయ్యి అప్పటికే జేబులోకి పోయింది కూడా. అక్కడే ఆగిపోయాను. ఆ కార్డు తీసి చూపిస్తే, ‘నేను వాళ్లలో ఒకదాన్ని కాదు’ అని చెప్పినట్టే. నిన్న మేడమ్ నాతో చెప్పించాలనుకున్నది కూడా అదే. చెయ్యి బయటికి తీసి, గోడ వెంబడి నడుచుకుంటూ వెనక గేటుకు పోయాను.

అక్కడ ఫ్లోర్లు తుడిచేవాళ్లు, కేంటీన్ వాళ్లు వరసలో ఉన్నారు. నా ముందున్నామె కొత్తగా వచ్చినవా, ఏ ఫ్లోర్ అని అడిగింది. చెప్పాను, చేసే పని కూడా చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

“గట్లయితే కార్డు సూపియ్యకపోయినవా?”

“చూపించబుద్ధి కాలేదక్కా.”

“తిక్కపిల్ల లెక్కున్నవ్” అని ముందుకు తిరిగింది.

నా వంతు వచ్చాక సంచీ బల్ల మీద కుమ్మరించమన్నారు. టిఫిన్ డబ్బా మూత తీయించారు. అందులో పులిహోర. ముందు గేటు నుంచి ఇన్నాళ్లు లోపలికి పోయాను, నా డబ్బాలో ఏముందో ఎవరికీ అవసరం పడలేదు. అదే అన్నం, అదే డబ్బా, గేటు మారేసరికి మూత తీసి చూపించాల్సి వచ్చింది. ఆ రోజు పొద్దున ఒక్క గీత గీయలేకపోయాను. మధ్యాహ్నం నేనే హెచ్‌ఆర్ గదికి పోయి, నా ఫోటో గురించి రాలేదని ముందే చెప్పి, డబ్బాల సంగతి అడిగాను. చూస్తామన్నారు. ఇప్పటికీ అక్కడ మూతలు తీయిస్తూనే ఉన్నారు. నేనూ అప్పుడప్పుడూ పోయి అడుగుతూనే ఉన్నాను.

కంపెనీ పేజీ సంగతి వదిలేసి నేను, స్నేహితుడు మా సొంత పేజీ ఒకటి మొదలుపెట్టాం. మా ఇద్దరి ఫోటోలు, మేము రాసిన మాటలు రాసినట్టే పెట్టాం. ఇంకెవరైనా వస్తే వాళ్ల ఫోటో తీస్తామని, వాళ్ల మాటల్లో అక్షరం మార్చబోమని రాశాం. హాస్టళ్ల నుంచి పిల్లలు ఒక్కొక్కరే రావడం మొదలైంది. ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల గౌనుకు ఆసుపత్రి డ్యూటీ బూట్లు తొడిగి వచ్చిన నర్సు ఫోటో నాకు చాలా ఇష్టం.

ఆ పేజీ ఊళ్లో ఎవరి ఫోన్లోనో అమ్మ కంటపడింది. ముందు చెప్పకుండా ఒక ఆదివారం పొద్దున బస్సెక్కి మణికొండ వచ్చేసింది. హాస్టల్ గదిలో కూర్చోగానే గోడ మేకుకు తగిలించి ఉన్న అంగి వంక చూసింది.

“నిన్ను గిది ఏసుకోవద్దనే సదివించిన బిడ్డా” అంది.

నేను మేడమ్‌తో అన్న మాటలన్నీ మళ్లీ చెప్పాను. అందులో సిగ్గుపడేదేమీ లేదన్నాను. ఆ కట్టు ఎంత అందంగా ఉంటుందో చెప్పాను. నీ స్టైల్ అని నలుగురికీ గర్వంగా చెప్పుకున్నానన్నాను.

“నాకు సిగ్గని ఎవలన్నరు? కూలికి పోత, పోత అనే జెప్త. గానీ గది నా సోకు అని ఎట్ల రాసినవ్? గది నా పని. దురద వెట్టకుండ ఏసుకుంట. ఇంటికి రాంగనే ఇడిచి అవతల పారేస్త.” నావైపు తిరిగింది. “నా సోకు ఏందో నన్ను అడిగినవా?”

అమ్మ అప్పుడు ఏం కట్టుకుని ఉందో అంతవరకు నేను చూడనే లేదు. చిలకపచ్చ చీర, దానికి మెరిసే గులాబీ అంచు, ఒళ్లంతా చమ్కీలు. మెడలో ముత్యాల దండ, జడలో కనకాంబరాలు, మొహానికి పౌడరు, చేతిలో తళతళలాడే నల్ల హ్యాండ్‌బ్యాగు. బస్సులో అంత దూరం వచ్చినా కుచ్చిళ్లు చెక్కుచెదరలేదు.

మేడమ్‌తో పోట్లాడటం తేలిక. అమ్మను నేను అడగలేదన్నది మాత్రం నిజం. అయినా అంగి వేసుకోవడం మాననని చెప్పాను. అది నాకు నచ్చింది, అందులోనే నేను నేనులా ఉంటానన్నాను.

“ఏస్కో. వద్దంటే ఇంటవా? గానీ నా పేరు వెట్టకు. నీ సోకు నీదని జెప్పు. నా ఫోటో దియ్యి, నా సోకు నేను జెప్త.”

స్నేహితుణ్ణి పిలిచాను. కెమెరా తెచ్చాడు. ఫోటో ఎక్కడ తీయమంటావని అమ్మనడిగితే, నేను పనిచేసే చోట అంది. ముగ్గురం ఆటోలో గచ్చిబౌలి పోయి, ఆఫీసుకు ఎదురుగా ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం. ఆదివారం కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది. అమ్మ నవ్వలేదు. హ్యాండ్‌బ్యాగు మోచేతికి తగిలించుకుని, గడ్డం కొంచెం పైకెత్తి కెమెరాలోకి సూటిగా చూసింది. వెనకాల అద్దాల మీద చిలకపచ్చ రంగు మసగ్గా పడింది.

ఈ స్టైల్ ఎవరిని చూసి నేర్చుకున్నారండీ అని స్నేహితుడు మర్యాదగా అడిగాడు.

“ఎవల్ని సూడలె. నాకు నచ్చింది, కట్టుకున్న” అంది.

అక్షరం మార్చకుండా ఆ మాటే కింద రాశాం. ఫోటో సరిచేసేటప్పుడు, అలవాటు కొద్దీ, పచ్చదనం కొంచెం తగ్గించబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా ఫోటో కింది మాటలు మాత్రం మార్చాను. ‘మా అమ్మ కూలికి పోయేటప్పుడు చీర మీద అంగి వేసుకుంటుంది. ఆమెకు అది పని. నాకు అది స్టైల్. నేను వేసుకోవడం ఆమెకు ఇష్టం లేదు. నాకు ఇష్టం.’

అమ్మ ఫోటో చాలామంది చూశారు. ఎక్కువమంది మెచ్చుకున్నారు. ఒకరు మాత్రం, రంగులు కొంచెం తగ్గితే హుందాగా ఉండేదని రాశారు. సాయంత్రం ఫోన్లో అమ్మకు అది చదివి వినిపించాను.

“ఆళ్లనేమన్న కట్టుకొమ్మన్ననా?” అంది.