తెగిన పోగు దగ్గర కూర్చోబెట్టి

మా ఆయన మొదటిసారి తప్పిపోయింది పాలపాకెట్‌కి వెళ్ళి. సాయంత్రానికి మైలవరం బస్టాండులో దొరికారు. పాకెట్ చేతిలో అలాగే ఉంది, పాలు విరిగిపోయాయి. అప్పటినుంచి గేటు చప్పుడైతే చాలు, బయటికి తొంగిచూసేదాన్ని. వంట మధ్యలో స్టవ్ ఆపి, ఆయన దగ్గు వినపడుతోందా అని చెవి ఒగ్గేదాన్ని.

మతిమరుపు జబ్బున్నవాళ్ళని పగలంతా చూసుకునే చోటు ఒకటి పటమటలో ఉందని మా కోడలు కనుక్కుంది. మందులివ్వరట. పాటలు పాడిస్తారు, పూసలు గుచ్చిస్తారు, బట్టలు మడతపెట్టిస్తారు. పదింటికి దింపి నాలుగింటికి తెచ్చుకోవాలి.

"గేటుకి తాళం వేస్తారా అమ్మా?" అని అక్కడి అమ్మాయిని అడిగాను.

"ఇదేమన్నా జైలా మామ్మగారూ! చేతికి నచ్చిన పని దొరికితే వాళ్ళే కూర్చుంటారు," అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

మూడు రోజులు ఆయన కుదురుకోలేదు. పూసలిస్తే "చిన్నపిల్లల ఆటలు నాకెందుకండీ" అని నెట్టేశారట. చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళారట. "ఉన్నది ఇద్దరం. ఆయన వెంటే తిరగాలంటే కష్టమండీ," అంది ఆ అమ్మాయి. వద్దంటారేమోనని ఒక భయం, ఉంచుకుని పోగొడతారేమోనని ఇంకో భయం.

నాలుగో రోజు సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన కుర్చీ ఖాళీ. గుమ్మంలో చెప్పులు లేవు. బయట బందరు రోడ్డు మీద లారీల హోరు. "ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నారండీ" అంటూ ఆ అమ్మాయి వీధిలోకి పరుగెత్తింది. నేను గోడలు పట్టుకుంటూ గదులన్నీ వెతికాను.

చివరి గదిలో, కిటికీ కింద, చెప్పులతోనే నేల మీద కూర్చుని ఉన్నారు. కర్టెన్ అడ్డంగా చిరిగి పోగులు వేలాడుతున్నాయి. వాటిని పట్టుకున్నారు.

"ఇంటికెళదాం, లేవండి."

"మీరెవరమ్మా? పోగులు ఇలా ఉంటే ఎలా లేస్తాను? అతకడం మా ఆవిడ పని. ఆవిడ రావాలి."

నలభై ఏళ్ళు మా ఇంట్లో అదే పద్ధతి. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, నేత పూర్తయితే, పాత పోగుల కొసలకి కొత్త పోగులు ఒక్కొక్కటీ అతికేదాన్ని నేనే. వేళ్ళకి బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి మెలిపెట్టాలి. ఆఖరి పోగు అతికేదాకా ఆయన అక్కడినుంచి కదిలేవారు కాదు. అన్నం కూడా అక్కడికే.

దేవుడి పటం ముందు రాలిన ఊదొత్తి బూడిద తెచ్చుకుని ఆయన పక్కన కూలబడ్డాను. మూడు పోగులు మెలిపెట్టాను. ఆయన నా ముఖం చూడలేదు, వేళ్ళే చూశారు.

"ఇంతసేపూ ఎక్కడికి పోయావే?"

"కూరగాయలకండీ," అన్నాను.

మర్నాడు నూలు కొని, చెక్కకి రెండు వైపులా మేకులు కొట్టించి, పోగులు కట్టి, అక్కడికి తీసుకెళ్ళి నడిమికి కత్తిరించాను.

"కొత్త నూలు కొని కత్తిరించేస్తారేంటి మామ్మగారూ!" అంది ఆ అమ్మాయి.

పొద్దుటినుంచీ ఆయన ఆ కొసలు సర్దుకుంటూ నా కోసం కూర్చుంటారు. నాలుగింటికి నేను వెళ్ళి అతుకుతాను. అప్పుడు లేస్తారు. మరుసటి రోజు పొద్దున్నే మళ్ళీ కత్తిరిస్తాను.

ఇది ఎన్నాళ్ళో తెలియదు. రోజూ మెట్లెక్కుతూ ముందు గుమ్మంలో ఆయన చెప్పులున్నాయా అని చూస్తాను. పోగులు తెగి ఉండగానే ఆయన లేచి నడిచిపోయిన రోజున, నేనెవరో ఆయనకి చెప్పుకోవడానికి నా దగ్గర ఇంకేమీ ఉండదు.